ఇంటర్నెట్ పాలనలో ఎవరికి చోటు, ఏ ప్రాతిపదికన?

సభకు నమస్కారం.

ఇంటర్నెట్ పాలన గురించి చర్చ మొదలైతే అది చాలావరకు అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే తిరుగుతుంది. ప్రభుత్వాల చేతిలోనా, కంపెనీల చేతిలోనా, ఇంజనీర్ల చేతిలోనా అని వాదించుకుంటాం. ఆ వాదనకు ముందే జరిగిపోయే పని ఒకటుంది. నిర్ణయం తీసుకునే సభలో ఎన్ని పక్షాలు ఉండాలో, ఏ పక్షం కింద ఎవరు వస్తారో ఎవరో ఒకరు ముందుగా జాబితా రాస్తారు. ఆ జాబితాలో లేనివారికి తర్వాత జరిగే వాదనలో గెలుపోటముల ప్రసక్తే రాదు. జాబితా తయారీని సభా ఏర్పాట్లలో భాగంగా వదిలేయకూడదని, అన్నిటికంటే ముందు బహిరంగంగా తేల్చుకోవలసిన విషయం అదేనని ఈ రోజు మీ ముందు వాదించదలచుకున్నాను.

మనకు అలవాటైన జాబితా 2005లో రూపుదిద్దుకుంది. ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో సమాచార సమాజంపై ప్రపంచ శిఖరాగ్ర సభ రెండు దఫాలుగా, 2003 డిసెంబరులో జెనీవాలో, 2005 నవంబరులో ట్యూనిస్‌లో జరిగింది. ఇంటర్నెట్ పాలన అంటే ఏమిటో మొదటి దఫాలో తేలకపోవడంతో ఆ పనిని నితిన్ దేశాయ్ అధ్యక్షతన 40 మందితో ఏర్పడిన కార్యబృందానికి అప్పగించారు. ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం, పౌర సమాజం తమ తమ పాత్రల మేరకు ఇంటర్నెట్ పరిణామాన్నీ వాడకాన్నీ తీర్చిదిద్దే సూత్రాలను, నియమాలను, నిర్ణయ పద్ధతులను రూపొందించి అమలు చేయడమే ఇంటర్నెట్ పాలన అని ఆ బృందం చెప్పింది. ట్యూనిస్ సభ దాన్నే స్వీకరించింది. ఆ వెంటనే పాత్రలను కూడా పంచిపెట్టింది. ప్రజా విధానంపై అధికారం దేశాల సార్వభౌమ హక్కు అయింది, సాంకేతిక, ఆర్థిక రంగాల్లో ముఖ్య పాత్ర ప్రైవేటు రంగానికి దక్కింది, పౌర సమాజానికి ప్రధానంగా స్థానిక సముదాయాల స్థాయిలో పాత్ర మిగిలింది. విద్యావేత్తల, సాంకేతిక నిపుణుల సేవలను ఈ పక్షాల లోపలి భాగంగానే గుర్తించారు. తర్వాతి కాలంలో సాంకేతిక సముదాయం ఆచరణలో నాలుగో పక్షంగా నిలదొక్కుకుంది. 2014 ఏప్రిల్‌లో సావో పౌలోలో జరిగిన నెట్‌ముండియల్ సమావేశంలో ప్రభుత్వాలకు, ప్రైవేటు రంగానికి, పౌర సమాజానికి, విద్యా సాంకేతిక వర్గాలకు నాలుగు వేరువేరు మైకులు పెట్టి, వంతులవారీగా మాట్లాడించారు. దేశాధినేతలు వచ్చిన సభలో ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త మంత్రితో సమానంగా తన వంతు కోసం నిలబడగలగడం చిన్న విషయం కాదు, ఆ పద్ధతి పట్ల నాకు గౌరవం ఉంది.

అయినా ఈ విభజన ఒక ప్రశ్నను అడగదు. మనిషి ఏ రకమైన సంస్థలో పనిచేస్తున్నాడో చూసి అతని పక్షం చెప్పేస్తుంది కానీ, నిర్ణయం వల్ల అతనికి ఏమవుతుందో చూడదు. ప్రభుత్వోద్యోగి, కంపెనీ ప్రతినిధి, ఇంజనీరు కాని ప్రతి ఒక్కరూ పౌర సమాజం కిందికే వస్తారు. స్క్రీన్ రీడర్ సాయంతో వెబ్‌సైట్లు చదివే అంధులు, గ్రంథాలయాలు, వినియోగదారుల సంఘాలు, పిల్లల రక్షణ కోసం ఎన్‌క్రిప్షన్‌కు (సందేశాలను ఇతరులు చదవకుండా దాచే పద్ధతికి) హద్దులు పెట్టాలనేవారు, జర్నలిస్టుల ప్రాణరక్షణ కోసం దాన్ని ముట్టుకోవద్దనేవారు అందరూ అక్కడే ఉంటారు. చివర చెప్పిన రెండు వర్గాలవారూ ఒకే మైకు ముందు ఒకే వరుసలో నిలబడితే, వారి మధ్య ఉన్న లోతైన విభేదం సభ నివేదికలోకి రాదు. పౌర సమాజం అభిప్రాయమంటూ ఒక్కటే నమోదవుతుంది, అది కూడా తరచుగా వరుసలో ముందు నిలబడినవారిదే.

పక్షాలను మరో విధంగా లెక్కించిన అనుభవం ప్రపంచానికి ఉంది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థలో ప్రతి దేశం నుంచి ప్రభుత్వ ప్రతినిధులు ఇద్దరు, యజమానుల ప్రతినిధి ఒకరు, కార్మికుల ప్రతినిధి ఒకరు కూర్చుంటారు. అక్కడ చర్చించే విషయమే కూలికీ పెట్టుబడికీ మధ్య సంబంధం కాబట్టి, ఆ సంబంధానికి రెండు కొసల్లో ఉన్నవారిని పిలవడం సహజంగా కుదిరింది. అక్కడ కూడా సంఘం లేని కార్మికుల గొంతు ఎవరిదన్న చిక్కు ఇప్పటికీ ఉంది. 1992లో రియో డి జనీరోలో జరిగిన భూగోళ సదస్సు మరికొంత ముందుకు వెళ్లి తొమ్మిది ప్రధాన వర్గాలను గుర్తించింది: మహిళలు, పిల్లలు-యువత, ఆదివాసీ ప్రజలు, స్వచ్ఛంద సంస్థలు, స్థానిక ప్రభుత్వాలు, కార్మిక సంఘాలు, వ్యాపార పారిశ్రామిక రంగం, శాస్త్ర సాంకేతిక సముదాయం, రైతులు. ఈ జాబితాను నేను ఇంటర్నెట్‌కు అలాగే తెచ్చి అతికించమనడం లేదు. కానీ భూమి పాడైతే ముందుగా ఎవరి బతుకు పాడవుతుందన్న ఆలోచన అందులో కొంతైనా కనిపిస్తుంది. ఇంటర్నెట్ జాబితాలో ఆ ఆలోచన కనిపించదు.

ఒక పక్షం తనకు చోటు కావాలని అడిగినప్పుడు అది చూపగల ఆధారాలు మూడు రకాలుగా ఉంటాయని నాకు అనిపిస్తుంది. చట్టపరమైన అధికారం మొదటిది. ప్రభుత్వాలు దానితో వస్తాయి. రెండోది పని తెలిసి ఉండటం, అంటే నెట్‌వర్కులు నడిపేవారు, ప్రమాణాలు రాసేవారు, డొమైన్ పేర్లు నమోదయ్యే రిజిస్ట్రీలు నిర్వహించేవారు తెచ్చే ఆధారం. నిర్ణయం ఫలితాన్ని భరించడం మూడోది. మొదటి రెండు ఆధారాలున్నవారిని పిలవడం ఎవరూ మరచిపోరు, ఎందుకంటే వారు లేకుండా నిర్ణయం అమలు కాదు. మూడో ఆధారం మాత్రమే ఉన్నవారు రాకపోయినా పని ఆగదు, అందుకే వారిని మరచిపోవడం సులభం. పని తెలిసినవారి హెచ్చరికను వినాలి, దానికి లిఖితపూర్వకంగా జవాబు చెప్పాలి. అయితే తెలిసి ఉండటం వల్ల ఇతరుల తరఫున ఒప్పుకునే హక్కు రాదు. ఫలితాన్ని భరించేవారికి ఆ హక్కు ఉంది. వారిలో కూడా ఆ నిర్ణయం నుంచి తప్పుకుని మరో దారి చూసుకోలేనివారి హక్కు అన్నిటికంటే బలమైనదని నా అభిప్రాయం.

తప్పుకోగలగడం అన్న విషయం ఎందుకు ముఖ్యమో ఐఈటీఎఫ్‌ను చూస్తే తెలుస్తుంది. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలను రూపొందించే ఆ సంస్థలో పక్షాలు, సీట్లు, అధికారిక సభ్యత్వం అనేవి లేవు. ఎవరైనా వ్యక్తిగా వచ్చి పనిచేయవచ్చు. రాజులను, అధ్యక్షులను, ఓటింగును తిరస్కరించి, స్థూలమైన ఏకాభిప్రాయాన్నీ నడిచే కోడ్‌నూ నమ్ముతామని 1992లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ చెప్పిన మాట అక్కడ ఇప్పటికీ ఆదర్శం. ఆ పద్ధతి ఇన్నేళ్లు నిలవడానికి ఒక కారణం ఉంది. అక్కడి ప్రమాణం స్వచ్ఛందం, నచ్చనివారు దాన్ని అమలు చేయరు, ఎవరూ అమలు చేయని ప్రమాణం కాగితం మీదే ఉండిపోతుంది. డొమైన్ పేర్లకు, అంటే వెబ్‌సైట్ల చిరునామాలకు, మూల పట్టిక అయిన రూట్ విషయంలో అలా కుదరదు. రూట్ ఒక్కటే. అందులో జరిగిన నిర్ణయం నచ్చకపోతే వెళ్లడానికి రెండో రూట్ లేదు. ఐఈటీఎఫ్ ఆదర్శాన్ని అలాంటి చోటికి తీసుకొచ్చి, తలుపులు తెరిచే ఉన్నాయి, రావలసినవారు రావచ్చు అని చెప్పడం న్యాయం కాదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. వెబ్ చిరునామాల చివర కనిపించే డాట్ ఆర్గ్ విషయంలో ఏం జరిగిందో చూడండి. కోటి పేర్ల దాకా నమోదైన ఈ డొమైన్‌లో ఎన్నో లాభాపేక్ష లేని సంస్థలు ఏళ్ల తరబడి తమ చిరునామాను నిలుపుకున్నాయి. 2019 జూన్ చివరలో, రిజిస్ట్రీతో ఒప్పందాన్ని పునరుద్ధరిస్తూ, డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ వార్షిక రుసుముపై ఉన్న పరిమితిని ఎత్తివేసింది. ముందుగా ప్రజాభిప్రాయం అడిగితే మూడు వేలకు పైగా స్పందనలు వచ్చాయి, వాటిలో అత్యధికం వ్యతిరేకమే. పరిమితి తొలగింపు అయినా ఆగలేదు. అదే సంవత్సరం నవంబరులో, రిజిస్ట్రీని చేతిలో ఉంచుకున్న ఇంటర్నెట్ సొసైటీ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని ఎథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మబోతున్నట్టు ప్రకటించింది. ధర 113.5 కోట్ల డాలర్లని తర్వాత తెలిసింది. ఈ లావాదేవీలో అమ్మేవారికి పాత్ర ఉంది, కొనేవారికి ఉంది, అనుమతి ఇవ్వవలసిన ఐకాన్‌కు ఉంది. ఆ పేర్ల మీద తమ ఉనికినే కట్టుకున్న సంస్థలకు ఒప్పందంలో ఏ పాత్రా లేదు. పేరు మార్చుకోవడమంటే ఒక సంస్థ తన ఈమెయిళ్లను, అచ్చు వేసిన కరపత్రాలను, దాతల అలవాటును, ఇతర సైట్లలో ఉన్న లింకులను అన్నిటినీ వదులుకోవడం. అంటే తప్పుకునే దారి పేరుకు ఉన్నా ఆచరణలో లేదు. వారు చేయగలిగింది బయట నిలబడి ఉద్యమించడమే, అదే చేశారు. 2020 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు, ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు అనుమతి నిరాకరించింది. ఫలితం మంచిదే. కానీ ఆ ఫలితాన్ని సాధించడంలో బహిరంగ నిరసనకు, ఒక రాష్ట్ర న్యాయాధికారి లేఖకు పెద్ద పాత్ర దక్కింది. అన్ని పక్షాలూ కలిసి నిర్ణయించే బహుళ భాగస్వామ్య పద్ధతి మీద నమ్మకం ఉన్నవారికి ఇది సంతృప్తినిచ్చే విషయం కాకూడదు.

డొమైన్ పేరు తీసుకున్నవారి కథ అంతకుముందు మరో చోట కూడా ఇలాగే నడిచింది. పేరు నమోదు చేసుకున్న వ్యక్తి చిరునామా, ఫోను నంబరు హూఈజ్ అనే బహిరంగ పట్టికలో ఎవరికైనా కనిపించేవి. ట్రేడ్‌మార్కు యజమానులకు, దర్యాప్తు సంస్థలకు, భద్రతా పరిశోధకులకు ఆ సమాచారం ఉపయోగపడేది, వారిలో ప్రతి వర్గానికీ ఐకాన్‌లో మాట్లాడే చోటు ఉంది. సొంత పేరుతో చిన్న వెబ్‌సైటు పెట్టుకున్న వ్యక్తికి తన పక్షమంటూ విడిగా ఏదీ లేదు. ఐకాన్‌లోని వాణిజ్యేతర వర్గం ప్రతినిధులు ఏళ్ల తరబడి గోప్యత గురించి వాదించారు, యూరప్ డేటా రక్షణ అధికారులు కూడా హెచ్చరించారు, విషయం మాత్రం కదలలేదు. 2018 మే 25న యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ చట్టం భారీ జరిమానాలతో అమల్లోకి వచ్చే తరుణంలో ఆ పట్టికలోని వ్యక్తిగత వివరాలు మరుగుకు వెళ్లాయి. దర్యాప్తు చేసేవారి అవసరం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఒక వైపు అవసరాలకు మూడు నాలుగు కుర్చీలు, మరో వైపు భయాలకు ఇతరులతో పంచుకునే ఒక్క కుర్చీ ఉన్నప్పుడు, ఆ సభ కుదిర్చే రాజీని న్యాయమైన రాజీ అనలేమని మాత్రమే చెబుతున్నాను.

ఇంకా కష్టమైన ఉదాహరణ డాట్ అమెజాన్. 2012లో ఆ పేరు కోసం అదే పేరున్న కంపెనీ దరఖాస్తు చేసింది. బ్రెజిల్, పెరూ మొదట అభ్యంతరం చెప్పాయి, తర్వాత అమెజాన్ ప్రాంతంలోని ఎనిమిది దేశాల సహకార ఒప్పంద సంస్థ కూడా రంగంలోకి దిగింది. 2013లో ఐకాన్‌లోని ప్రభుత్వాల సలహా సంఘం వ్యతిరేకంగా సలహా ఇచ్చింది, 2014లో బోర్డు దరఖాస్తును నిలిపివేసింది, 2017లో స్వతంత్ర సమీక్షా మండలి కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది, చివరికి 2019లో బోర్డు ముందుకు సాగాలని నిర్ణయించింది. ఈ ఏడేళ్లలో కంపెనీ తన బ్రాండు తరఫున మాట్లాడింది, ప్రభుత్వాలు తమ భూభాగం, వారసత్వం తరఫున మాట్లాడాయి. ఆ నది ఒడ్డున, ఆ అడవిలో తరతరాలుగా బతుకుతున్న ఆదివాసీ ప్రజలకు ఐకాన్ నిర్మాణంలో తమదైన చోటు లేదు. వారి తరఫున ప్రభుత్వాలు మాట్లాడాయి కదా అని ఎవరైనా అనవచ్చు. భూమి, గనులు, ఆనకట్టల విషయంలో ఆ ప్రజలకూ ఆ ప్రభుత్వాలకూ మధ్య ఎంత ఘర్షణ ఉందో తెలిసినవారు ఆ జవాబుతో సరిపెట్టుకోలేరు. ఆ ప్రజలు ఏమనేవారో నేను ఊహించి చెప్పను. వారి మాట వినడానికి ఏర్పాటు లేకపోవడమే ఇక్కడ నా ఫిర్యాదు.

ఏర్పాటు ఉంటే పని ఎంత మెరుగ్గా జరుగుతుందో చెప్పడానికి అదే ఐకాన్ పరిధిలో మంచి ఉదాహరణ ఉంది. రూట్‌లో ఏ లిపికి చెందిన ఏ అక్షరాలను అనుమతించాలో ముందుగా ఆ లిపి వాడే సముదాయాల నుంచి వచ్చిన బృందం ప్రతిపాదిస్తుంది, ఆ తర్వాతే అన్ని లిపులనూ కలిపి చూసే నిపుణుల బృందం దాన్ని పరిశీలిస్తుంది. అరబిక్ లిపినే తీసుకుంటే, అరబిక్‌తో పాటు పెర్షియన్, ఉర్దూ, పష్తో, సింధీ భాషలు కూడా దాన్ని వాడతాయి. చూపుకు ఒకేలా ఉండి కంప్యూటరుకు వేరువేరు సంకేతాలుగా నమోదైన అక్షరాలు అందులో ఉన్నాయి. వాటిలో ఏవి గందరగోళానికి దారితీస్తాయో, ఏది తీసేస్తే ఒక భాష తన సొంత మాటనే రాసుకోలేకపోతుందో ఆ భాషలు చదివేవారే చెప్పగలరు. ఇక్కడ పక్షాన్ని నిర్వచించింది ఉద్యోగం కాదు, నిర్ణయం తాకే చోటు. నిపుణులకు వీటో లాంటి బలమైన పాత్ర ఉన్నా, ప్రతిపాదన మాత్రం ఫలితాన్ని భరించేవారి నుంచే వస్తుంది. జ్ఞానానికీ ప్రభావానికీ మధ్య నేను కోరే సంబంధం దాదాపు ఇదే.

సాంకేతిక సముదాయం సంగతి విడిగా చెప్పాలి. ఐక్యరాజ్య సమితిలో 2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్‌కు, అంటే డిజిటల్ రంగంపై దేశాల ఒడంబడికకు, సన్నాహాలు జరుగుతున్నప్పుడు, భాగస్వాములను ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం, పౌర సమాజం అనే మూడు వర్గాలుగా మాత్రమే చూస్తున్నారని, సాంకేతిక సముదాయాన్ని పౌర సమాజంలో కలిపేస్తున్నారని 2023లో ఐకాన్, ఆసియా-పసిఫిక్, ఉత్తర అమెరికా ప్రాంతాల్లో ఇంటర్నెట్ చిరునామా నంబర్లు పంచే ఏపీనిక్, ఏరిన్ సంస్థలు కలిసి బహిరంగంగా అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరం సరైనదే. నెట్‌వర్కు నడిపేవారి బాధ్యత ఉద్యమ సంస్థల బాధ్యతతో ఒకటి కాదు. అయితే విడి చోటు అడిగేవారు తాము ఎవరో స్పష్టంగా చెప్పే బాధ్యతను కూడా తీసుకోవాలి. ఒక పెద్ద కంపెనీ జీతం మీద ప్రమాణాల పని చేసే ఇంజనీరు ఏ పక్షం? ఆయన నిజాయితీని నేను శంకించడం లేదు. అదే కంపెనీకి ప్రైవేటు రంగంలో ఒక ప్రతినిధి, సాంకేతిక వర్గంలో ఒక ఇంజనీరు, అది విరాళమిచ్చే పరిశోధనా కేంద్రం తరఫున మరొకరు ఉన్నప్పుడు, మూడు గొంతులు విన్నామని రాసుకునే ముందు ఎవరి జీతం, ఎవరి ప్రయాణ ఖర్చు అన్న వివరాలు సభ ముందు ఉండాలి.

పక్షాలు సరిగ్గా గుర్తించిన తర్వాత ప్రతినిధులను ఎవరు ఎంచుతారన్న చిక్కు మిగులుతుంది. అందరి చేతా ఓటు వేయిస్తే సరిపోదా అనేవారికి 2000 సంవత్సరం అనుభవం గుర్తుచేయాలి. ఆ ఏడాది ఐకాన్ ఐదు ప్రాంతాల నుంచి ఐదుగురు డైరెక్టర్లను ఇంటర్నెట్ వాడేవారి చేతనే ఆన్‌లైన్‌లో ఎన్నుకోనిచ్చింది. ప్రపంచం మొత్తం మీద ఓటు వేసింది సుమారు 34 వేల మంది. కొన్ని దేశాల్లో పోటాపోటీగా ఓటర్లను నమోదు చేయించారు, ఆఫ్రికా ఖండం మొత్తం నుంచి పడిన ఓట్లు వెయ్యి కూడా లేవు. ఆ తర్వాత సంస్కరణల పేరుతో ఆ ఎన్నికల పద్ధతినే ఎత్తివేశారు. నామినేటింగ్ కమిటీ బోర్డులో ఎనిమిది మందిని ఎంపిక చేసే పద్ధతి వచ్చింది. సాధారణ వినియోగదారుల విభాగానికి ఓటు హక్కున్న ఒక్క స్థానం 2010లో కానీ దక్కలేదు. జబ్బుకు వేసిన మందు జబ్బు కంటే పెద్దదైందని నా అభిప్రాయం. బ్రెజిల్ ఇంటర్నెట్ స్టీరింగ్ కమిటీ మధ్యేమార్గం చూపింది. 2003 ఉత్తర్వు ప్రకారం అందులో 21 మంది ఉంటారు: ప్రభుత్వం నుంచి తొమ్మిది మంది, వ్యాపార రంగం నుంచి నలుగురు, పౌర సంస్థల నుంచి నలుగురు, శాస్త్ర సాంకేతిక వర్గం నుంచి ముగ్గురు, నిపుణుడు ఒకరు. ప్రభుత్వేతర పక్షాల ప్రతినిధులను ఆయా రంగాల సంస్థలే ఓటు వేసి ఎన్నుకుంటాయి. వ్యాపార రంగానికిచ్చిన నాలుగు స్థానాలను కూడా ఒక్క ముద్దగా ఇవ్వలేదు. సేవలు అందించేవారికి, టెలికాం వ్యవస్థ నడిపేవారికి, హార్డ్‌వేర్ సాఫ్ట్‌వేర్ పరిశ్రమకు, ఇంటర్నెట్‌ను వాడుకునే ఇతర వ్యాపారాలకు తలా ఒకటి పంచారు. ఇంటర్నెట్‌ను అమ్మే వ్యాపారానికీ కొనే వ్యాపారానికీ ప్రయోజనాలు ఒకటి కావని ఆ ఉత్తర్వు రాసినవారు గ్రహించారు. పౌర సమాజం విషయంలో కూడా ఇలాంటి లోపలి విభజన ఎక్కడైనా అవసరమే.

ప్రభుత్వాల గురించి ఎక్కువ చెప్పను. అవి తమ ప్రజలందరి మాటా మోస్తాయని నేను నమ్మను, అలాగని వాటిని పక్కన పెట్టాలనీ అనను. చట్టం చేసేది, చట్టం ముందు జవాబు చెప్పవలసింది అవే. 2012లో దుబాయ్‌లో అంతర్జాతీయ టెలికాం నిబంధనలపై 89 దేశాలు సంతకం చేసి 55 దేశాలు చేయనప్పుడే, ప్రభుత్వాలన్నీ కలిసి ఒకే పక్షమనుకోవడం ఎంత పొరపాటో తేలిపోయింది.

చివరగా, ఏ సభకూ రాలేనివారున్నారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 260 కోట్ల మంది ఇంటర్నెట్‌కు బయటే ఉన్నారు. గుర్తింపు పత్రాలు, ప్రభుత్వ సేవలు, చదువు ఆన్‌లైన్‌కు మారే కొద్దీ, ఇంటర్నెట్‌లో లేనివారిని కూడా ఇంటర్నెట్ నిర్ణయాలు తాకుతున్నాయి. వారి తరఫున మాట్లాడతామని వచ్చే ఏ సంస్థకైనా నేను వెంటనే కుర్చీ వేయను, ముందు వారితో దానికున్న సంబంధమేమిటో, వారికి అది ఎలా జవాబు చెబుతుందో అడుగుతాను. ప్రతినిధి దొరకనప్పుడు భారం నిర్ణయం తీసుకునేవారి మీద పడాలి. ఈ నిర్ణయం ఎవరిని తాకుతుంది, వారిలో ఎవరు ఈ సభలో లేరు, లేనివారి ప్రయోజనాన్ని మేము ఏ విధంగా తెలుసుకున్నాము, తెలుసుకుని ఏమి మార్చాము అన్న నాలుగు విషయాలను ప్రతి విధాన నిర్ణయానికీ జతచేసి ప్రచురించాలి. పక్షాల జాబితాను కూడా శాశ్వతంగా ఉంచకుండా కొన్నేళ్లకొకసారి గడువు తీరేలా పెట్టి, ఉన్న ప్రతి పక్షం తన చోటుకు కారణాన్ని మళ్లీ నిరూపించుకునేలా, కొత్తవారు తమ కారణాన్ని వినిపించేలా చేయాలి. ఆ సమీక్షను ఇప్పటికే కుర్చీలున్నవారికి అప్పగించకూడదు. కుర్చీ అడుగుతున్నవారి నుంచి కూడా సగం మందిని తీసుకుని అది జరపాలని నా ప్రతిపాదన.

ధన్యవాదాలు.